తల పదిలం

ఆ గురువారం ఉదయం షెవ్కెత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకి టోపీ పెట్టుకుని వెనక సందులోంచి బయటపడాలి. జుట్టు నాటిన ఆసుపత్రికి వెళ్ళి, నాటాక పోసే మొదటి తలంటు పోయించుకోవాలి. ఎవరి కంటా పడకుండా పదింటికల్లా ఇల్లు చేరాలి. ఆ తర్వాత కుర్చీలో నిటారుగా కూర్చుని గంటకోసారి నెత్తిమీద ఉప్పునీళ్ళు చిలకరించుకోవడమే పని.

"ఆ టోపీలో అచ్చం వంతెన మీద గాలం వేసుకుని నిలబడేవాడిలా ఉన్నావు," అంది భార్య మెలాహత్, సంతకి సంచి తీసుకుంటూ.

"నవ్వించకు. నవ్వితే నుదురు లాగుతోంది."

"కన్నతల్లిని జబ్బుమనిషిని చేసి సెలవు పెట్టినప్పుడు లాగలేదా?"

తల దించుకోవాల్సిన మాటే. కానీ తల దించడానికి వీల్లేదు. "పది రోజులు తల దించకూడదు, గోక్కోకూడదు, దేనికీ తగలనివ్వకూడదు. ఇప్పుడు ఊడిన వెంట్రుక మొదలు మళ్ళీ రాదు," అని డాక్టరు మరీ మరీ చెప్పి పంపించాడు. తల వెనకనుంచి మూడువేల రెండువందల వెంట్రుకల మొదళ్ళు ఒక్కొక్కటే తీసి, ముందు ఒక్కొక్కటే నాటారు. అవి వేళ్ళూనుకునేదాకా షెవ్కెత్ సిగ్గుపడినా మెడ నిటారుగా పెట్టుకునే సిగ్గుపడాలి.

ఆయనకి నలభై ఏడేళ్ళు. ఇస్తాంబుల్‌లో ఆసియా వైపు ఒడ్డున, ఒక పేట మునిసిపాలిటీలో పెళ్ళిళ్ళు జరిపించే అధికారి. ఎర్ర గౌను తొడుక్కుని, "ఎవరి బలవంతమూ లేకుండా ఒప్పుకుంటున్నావా?" అని అడిగి, సంతకాలు పెట్టించి, పెళ్ళి పుస్తకం పెళ్ళికూతురి చేతికివ్వడం ఉద్యోగం. పేటలో ఏ ఇంటి ఆల్బం తెరిచినా అందులో ఆయన బట్టతల ఉంటుంది. పోయిన వేసవిలో ఒక ఫొటోగ్రాఫరు, "సార్, ఫ్లాష్ మీ నెత్తిమీద పడి పెళ్ళికూతురు కనబడటంలేదు," అన్నాడు. ఆ పెళ్ళికూతురు చలాకీ పిల్ల. సంచీలోంచి పౌడరు డబ్బా తీసి, రెండొందలమంది బంధువుల ముందు ఆయన నెత్తికి అద్దింది. హాలంతా నవ్వింది. షెవ్కెత్ కూడా నవ్వాడు. ఇంటికొచ్చి స్నానాలగదిలో తలుపేసుకుని, ఆ పౌడరు కడుక్కోలేక చాలాసేపు అద్దం ముందు నిలబడ్డాడు.

ఆ సంగతి బయటికి చెప్పుకుని జుట్టు నాటించుకుంటే సరిపోయేది. చెప్పుకునే మొహం ఆయనకి లేదు. జుట్టు నాటించుకోవడానికి వచ్చి, తలకి నల్ల పట్టీ కట్టుకుని ఆఫీసు ముందునుంచి నడిచివెళ్ళే విదేశీయులకి 'నారుమడి' అని పేరు పెట్టింది ఆయనే. "మగాడన్నాక దేవుడిచ్చిన తలని దేవుడిచ్చినట్టే మొయ్యాలి," అని టీ తాగే ప్రతి పూటా ఉపన్యాసం ఇచ్చిందీ ఆయనే. అందుకే అమ్మకి ఒంట్లో బాగోలేదని, చూసి వస్తానని పది రోజులు సెలవు రాశాడు. ఆ అమ్మ హజెర్, డెబ్బై నాలుగేళ్ళ మనిషి, మర్మరా సముద్రానికి అవతలి ఒడ్డున తన ఊళ్ళో నిచ్చెన ఎక్కి ఆలివ్ కాయలు దులుపుతూ నిక్షేపంలా ఉంది.

తలంటు బాగానే జరిగింది. తిరిగి వస్తుంటే వెనక సందులో గొట్టాల పని ఉందని దారి మూసేశారు. ముందు వీధిలోంచే రావాల్సి వచ్చింది. ముందు వీధిలో మంగలి ఇర్ఫాన్ దుకాణం ఉంది.

ఇర్ఫాన్‌కి తలలు చూడటమే వృత్తి. నాలుగో రోజు కనక నుదుటి వాపు కళ్ళమీదకి జారి, షెవ్కెత్ కళ్ళు రెండు గీతల్లా మిగిలాయి. ఆ వాపూ, టోపీ, బిగదీసిన మెడా చూసి ఇర్ఫాన్‌కి క్షణంలో అర్థమైపోయింది. కత్తెర పట్టుకునే గుమ్మంలోకి వచ్చాడు.

"షెవ్కెత్ అన్నా! మీ తల పదిలంగా ఉండాలి!"

అది మనిషి పోయిన ఇంటికి వెళ్ళినవాళ్ళు అనే మాట. ఎవరు పోయినా ఇంటివాళ్ళతో అదే అంటారు. అయితే మాటని మాటగా పట్టుకుంటే తల గురించేగా అని ఇర్ఫాన్ చమత్కారం. షెవ్కెత్ సిగ్గుతో చితికిపోయాడు. చుట్టూ చూసి, వేలు పెదాలమీద పెట్టి, ఆ చేతినే గుండెకి ఆనించుకుని గబగబా వెళ్ళిపోయాడు.

లోపల కుర్చీలో, ముఖమంతా సబ్బు నురగతో, ఆయన ఆఫీసు గుమాస్తా జెవ్దెత్ ఉన్నాడు. మాట విన్నాడు. అద్దంలో వాచిన కళ్ళూ, గుండెమీద చెయ్యీ చూశాడు.

"ఇర్ఫాన్, షెవ్కెత్ అన్న వాళ్ళమ్మ గారా?" అన్నాడు నీరసంగా.

ఇర్ఫాన్ గతుక్కుమన్నాడు. మనిషి వేలు పెదాలమీద పెట్టి మరీ వెళ్ళాడు. మంగలి నోరు జారితే దుకాణం మూసుకోవాల్సిందే. "నన్నేమీ అడక్కన్నా. నాకేమీ తెలీదు. ఆ ఇంటి సంగతి నేనెత్తను," అన్నాడు.

జెవ్దెత్‌కి అంతకంటే ఏం కావాలి? సగం గడ్డం మీదే లేచి ఆఫీసుకి ఫోను చేశాడు.

పదీ పదికి షెవ్కెత్ ఫోను మోగింది.

"అన్నా, మీ తల పదిలంగా ఉండాలి. ఇప్పుడే తెలిసింది," అన్నాడు ఆఫీసు చేరిన జెవ్దెత్.

ఇర్ఫాన్ చెప్పేశాడన్నమాట! షెవ్కెత్ చెవులు కాలిపోయాయి. "ఆఫీసులో ఎవరెవరికి తెలుసు?"

"అందరికీ తెలుసన్నా. పెరిహాన్ మేడమ్ అయితే టీ కూడా ముట్టుకోలేదు."

"మేడమ్‌కి కూడానా!" ఆవిడ ఆయన పై అధికారి.

"ఎప్పుడు జరిగింది?"

"సోమవారం."

"బాధ పడలేదుగా?"

"లేదులే. మొదట్లోనే సూదులిచ్చారు. తర్వాత ఏమీ తెలీదు."

"ఎంతసేపు?"

"ఎనిమిది గంటలు."

"అయ్యో దేవుడా," అని ముక్కు చీదాడు జెవ్దెత్. "మరి చోటు సరిగ్గా దొరికిందా?"

"ముందువైపు సరిపోయింది. నడిమధ్యలో మాత్రం కొంచెం ఖాళీ ఉంచారు."

"అది నాన్నగారి పక్కనేనా అన్నా?"

షెవ్కెత్‌కి అప్పుడు వెలిగింది. నాన్నగారి పక్కన. సమాధులతోటలో ఆయన పక్కన. జెవ్దెత్ అడుగుతున్నది అమ్మ గురించి.

మా అమ్మ బతికే ఉందిరా అని అప్పుడే చెప్పి ఉండాలి. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ మాటన్న మరుక్షణం రెండో ప్రశ్న వస్తుంది. మరి ఆ సూదులేమిటి, ఎనిమిది గంటలేమిటి, నడిమధ్యలో ఖాళీ ఏమిటి? ఇంతలో ఫోను పెరిహాన్ మేడమ్ చేతికి మారింది.

"షెవ్కెత్ గారూ, మా అమ్మ పోయి రెండేళ్ళయింది. నాకు తెలుసు. మీరేమీ మాట్లాడొద్దు."

 "మీవాళ్ళంతా పదిలంగా ఉండాలి," అని మాత్రం అన్నాడు షెవ్కెత్. చావు పలకరింపుకి ఇచ్చే జవాబు అది. ఫోను పెట్టేశాక తెలిసింది తను చేసిన పని. నెత్తిమీద నాలుగు వెంట్రుకల కోసం తల్లిని చంపుకున్నాడు.

సంతనుంచి వచ్చిన మెలాహత్ విని, సంచి అక్కడే వదిలేసింది. "ఇప్పుడే ఫోను చెయ్యి. అమ్మ బతికుంది, నా జుట్టు నాటారు అని చెప్పు. రెండు ముక్కలు!"

"చేస్తాను. కాసేపాగి చేస్తాను. ఎలా మొదలుపెట్టాలో ఆలోచించుకోనీ."

"ఆలోచించుకో, తల బద్దలయ్యేలా ఆలోచించుకో. డాక్టరు అదొక్కటి వద్దనలేదుగా!"

ఆలోచిస్తుండగానే, జెవ్దెత్ మంగలి దుకాణంలో ఫోనులో అన్నది వీధంతా పాకి, కింది అంతస్తు సానియె పిన్ని రవ్వ, వెన్న, పెద్ద గిన్నె పట్టుకుని లోపలికి వచ్చింది. పోయినవాళ్ళ పేరున హల్వా ఎంత తొందరగా వేయిస్తే అంత మంచిదని ఆవిడ పట్టుదల. "నువ్వు కూర్చో తల్లీ, ఈ పూట నువ్వు పొయ్యి వెలిగించకూడదు," అని మెలాహత్‌ని వంటింట్లోంచి తోసేసి తనే పొయ్యి వెలిగించింది. పై అంతస్తు నుంచి చిక్కుళ్ళ కూర వచ్చింది. ఎదురింటి నుంచి అన్నం వచ్చింది. గుమ్మం బయట చెప్పుల వరస మెట్లమీదకి దిగింది. ఇంటినిండా జనమయ్యాక నిజం చెప్పడం మరీ కష్టమని షెవ్కెత్ కనిపెట్టాడు.

నాలుగింటికి ఆఫీసంతా వచ్చింది. జెవ్దెత్ చేతులు చాపుకుంటూ ముందుకొచ్చాడు. కణతకి కణత తాకించి పలకరించుకోవడం వాళ్ళ ఆఫీసులో మగవాళ్ళ అలవాటు. షెవ్కెత్‌కి కళ్ళముందు మూడువేల రెండువందల మొదళ్ళూ మెదిలాయి. చెయ్యి కర్రలా చాచి, జెవ్దెత్‌ని మూరెడు దూరంలో ఆపేశాడు.

"పాపం, దుఃఖంలో ఎవర్నీ దగ్గరకి రానివ్వట్లేదు," అన్నారెవరో.

"ఆ కళ్ళు చూడు, ఎంత ఏడిచాడో!"

"అయినా తల దించలేదు. అదీ గుండెనిబ్బరమంటే!"

ప్రతి మాటా సూదిలా దిగింది. మొన్న తలలో దిగిన సూదులు నయం, వాటికి మత్తు ఉంది. లేచి నిలబడి అరిచి చెప్పేద్దామని రెండుసార్లు అనుకున్నాడు. ఇంతమంది కళ్ళలో నీళ్ళు చూశాక మళ్ళీ కుర్చీకి అతుక్కుపోయాడు. పెరిహాన్ మేడమ్ ఆయన పక్కనే కూర్చుని తన తల్లిని తలుచుకుని నిజంగా ఏడిచింది. ఆవిడ ముఖంలోకి చూసే ధైర్యం లేక షెవ్కెత్ పైకప్పుకేసి చూశాడు. అందరూ స్వర్గంకేసి చూస్తున్నాడనుకున్నారు.

అప్పుడు ఎదురుగా బల్లమీద ఫోను వెలిగింది. తెరమీద గుమ్మడికాయ ఎత్తుకుని నవ్వుతున్న ముసలావిడ బొమ్మ, కింద 'అమ్మ' అని పేరు. గదిలో అందరూ దానికేసి వంగారు.

"అన్నా," అన్నాడు జెవ్దెత్ వేలు చూపిస్తూ, "అమ్మ..."

"అక్క," అన్నాడు షెవ్కెత్. "అమ్మ ఫోను అక్క దగ్గరుంది."

"తియ్యన్నా, పాపం ఎంత ఏడుస్తోందో!"

షెవ్కెత్ మీట నొక్కి కట్ చేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాడు. మూడోసారికి గదిలో ఆడవాళ్ళందరూ ఆ అక్క కోసం కళ్ళొత్తుకున్నారు. షెవ్కెత్‌కి అక్కే లేదు. ఒక్క పూటలో తల్లిని చంపి, అక్కని పుట్టించాడు. తలుపు దగ్గర నిలబడ్డ మెలాహత్ చూసిన చూపుకి రాయైనా పగలాలి.

ఐదున్నరకి పేట మసీదు ఇమాం గారు వచ్చారు. తెల్ల తలపాగా, బొద్దు ముఖం, మంచి మనిషి. కూర్చుని, ప్రార్థన చదివే ముందు, "తల్లి పేరేమిటి బాబూ?" అని అడిగారు.

"హజెర్," అన్నాడు షెవ్కెత్.  అందరితోపాటు అరచేతులు తెరిచి పట్టుకున్నాడు గానీ, చివర్లో ఆమేన్ అనడానికి నోరు రాలేదు. ఆఫీసువాళ్ళకి చెప్పిన అబద్ధం ఒకటి, దేవుడికి చెప్పింది ఇంకొకటి. ఇక ఆగకూడదు, ఇప్పుడే చెప్పేయాలి అని కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచాడు.

సరిగ్గా అప్పుడే మెట్లమీదనుంచి గొంతు వినబడింది.

"ఇన్ని చెప్పులేమిటి? ఎవరు పోయారర్రా?"

వంటింట్లో సానియె పిన్ని గరిటె కింద పడింది. గుమ్మంలో హజెర్ నిలబడి ఉంది. తలకి కట్టుకున్న గుడ్డ పక్కకి జారిపోయి, చేతిలో ఆలివ్ కాయల సంచీ, కాళ్ళకి తోటలో వేసుకునే రబ్బరు బూట్లు. జనంకేసి చూసి, జనం మధ్యలో కొడుకుని చూసి, సంచీ నేలమీద పెట్టి గోడ పట్టుకుంది.

"ఉన్నావా?" అంది.

 జెవ్దెత్ ఇమాం గారి భుజం వెనక్కి జరిగాడు.

"మధ్యాహ్నం నిచ్చెనమీదున్నాను. మసీదు మైకులో నా చావు చదివారు," అంది హజెర్, ఊపిరి తీసుకుంటూ. "పేరు చెప్పారు, ఇంటి గుర్తు చెప్పారు. ఎవరురా చెప్పింది అని వెళ్ళి అడిగితే ఇస్తాంబుల్ ఆఫీసునుంచి మా మునిసిపాలిటీకి సంతాపం చెప్పారన్నారు."

పెరిహాన్ మేడమ్ ముఖం పాలిపోయింది. ఫోను చేసింది ఆవిడే.

"ఓడమీదనుంచి నీకు మూడుసార్లు ఫోను చేశాను. మూడుసార్లూ కట్ చేశావు. నేనెలాగూ పోలేదు. పోయింది నువ్వేమో, పేర్లు తారుమారై నా పేరు చదివారేమో అనుకున్నానురా. రెండు గంటలు ఆ సముద్రమంతా అదే అనుకుంటూ వచ్చాను."

 పౌడరు అద్దినప్పుడు షెవ్కెత్ పడ్డ సిగ్గు ఈ సిగ్గు ముందు సిగ్గే కాదు. నడిచి వెళ్ళి, తల్లి ముందు నిలబడి, డాక్టరు మాట, మూడువేల రెండువందల మొదళ్ళు, అన్నీ వదిలేసి తల దించాడు. ఆవిడ చెయ్యి ముద్దు పెట్టుకుని, వాళ్ళ పద్ధతి ప్రకారం ఆ చేతిని నుదుటికి ఆనించుకున్నాడు. టోపీ జారి ఆలివ్ కాయల సంచీమీద పడింది.

గొరిగిన తల. ముందువైపంతా వరసలు వరసలుగా ఎర్రటి చుక్కలు. గది మొత్తం మెడలు చాచింది.

"జుట్టు నాటించుకున్నానమ్మా," అన్నాడు షెవ్కెత్, వంగినవాడు వంగినట్టే. "ఆఫీసులో చెప్పడానికి సిగ్గేసి నీకు బాగోలేదన్నాను. వీళ్ళు నువ్వు పోయావనుకుంటే, అది కూడా సిగ్గేసి ఊరుకున్నాను. ఎవరి తప్పూ లేదు. నేను ఊరుకున్నాను."

హజెర్ ఆ చుక్కల్ని చాలాసేపు చూసింది.

"మీ నాన్న తల ఇంతకంటే నున్నగా ఉండేది," అంది చివరికి. "ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ తలని చూసుకుని బతికాను. నాకే లోటూ కనబడలేదు."  ఆ వెంటనే పిడికిలి బిగించి, వేలి కణుపు ముందుకు పెట్టి, చెయ్యెత్తింది.

"అత్తయ్యా, వద్దు! అవి ఊడితే రావు!" అని అరిచింది మెలాహత్.

"కొట్టమ్మా," అన్నాడు షెవ్కెత్.

మొట్టికాయ నుదుటికి రెండంగుళాల పైన, ఠంగుమని పడింది. గదిలో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారే "అబ్బా!" అన్నారు.

హజెర్ లోపలికొచ్చి ఇమాం గారి ఎదురుగా కూర్చుంది. "నా హల్వా తెండి," అంది. సానియె పిన్ని దూరంగా నిలబడే గిన్నె అందించింది. హజెర్ ఒక చెంచా తిని, కళ్ళు మూసుకుని రుచి చూసింది. "రవ్వ ఇంకొంచెం వేగాలి. నిజంగా పోయినప్పుడు ఇలాగే చేశారో, లేచొస్తాను."

ముందు నవ్వింది పెరిహాన్ మేడమే. ఏడుపూ నవ్వూ కలిసిపోయి ఆవిడకి ఎక్కిళ్ళు వచ్చాయి. తర్వాత ఇల్లంతా నవ్వింది. షెవ్కెత్ నవ్వలేదు. ఒక్కొక్కరి దగ్గరకీ వెళ్ళి క్షమించమన్నాడు. నారుమడి అని పేరు పెట్టినవాడి నెత్తిమీద నారుమడి చూసి వాళ్ళేదో ఒకటి అంటారనుకున్నాడు. వాళ్ళకి అంత తీరిక లేదు. ఆయన్ని దీపం కిందకి లాగి నిలబెట్టి, వరసలు లెక్కపెడుతున్నారు. జెవ్దెత్ పుల్ల పట్టుకుని చూపిస్తున్నాడు. ఇమాం గారు చుట్టూ చూసి, మెల్లగా తలపాగా పక్కకి జరిపి, "నాకైతే ఎన్ని పడతాయి బాబూ?" అని చెవిలో అడిగారు.

మూడో వారానికి, డాక్టరు ముందే చెప్పినట్టు, నాటిన వెంట్రుకలన్నీ రాలిపోయాయి. మొదళ్ళు లోపలే ఉంటాయి, వసంతానికి మళ్ళీ మొలుస్తాయి. ఆ ఉదయం ఆఫీసుకి వెళ్ళేసరికి అందరూ వరసగా నిలబడి ఉన్నారు. పెరిహాన్ మేడమ్ ముందుకొచ్చి, గంభీరంగా చెయ్యి కలిపి, "మీ తల పదిలంగా ఉండాలి, షెవ్కెత్ గారూ," అంది. షెవ్కెత్ గుండెమీద చెయ్యి పెట్టుకుని, తల దించి, వరసలో ప్రతి ఒక్కరికీ జవాబు చెప్పాడు.

వసంతంలో జుట్టు మొలిచింది. నుదుటికి రెండంగుళాల పైన, శనగబద్దంత చోట మాత్రం మొలవలేదు. డాక్టరు భూతద్దం పెట్టి చూసి, ఇక్కడేం జరిగిందండీ అని అడిగాడు.

"మా అమ్మకి ఒంట్లో బాగానే ఉందండీ," అన్నాడు షెవ్కెత్.